నీటి బరువుతోనే బిగిసే తలుపులు

పనామా సిటీ పక్కనున్న అమడోర్ రేవులో పర్యాటకుల నౌక ఎక్కితే పసిఫిక్ వైపు నుంచి పనామా కాలువలోకి వెళ్లవచ్చు. బ్రిడ్జ్ ఆఫ్ ది అమెరికాస్ వంతెన కింద నుంచి సాగి, బాల్బోవా రేవులో కంటెయినర్లు దించే క్రేన్లను దాటాక మిరాఫ్లోరెస్ లాకులు వస్తాయి. ఓడలంటే ప్రాణం పెట్టే వాళ్లు అంతవరకూ ఓడల్నే చూస్తారు. అక్కడి నుంచి మాత్రం చూపు తలుపుల మీదే నిలవాలి.

గోదావరి కాలువల మీద లాకులు చూసిన వాళ్లకు పద్ధతి కొత్త కాదు. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూస్తారు, నీరు వదులుతారు, పడవ పై మట్టానికి లేస్తుంది. ఇక్కడ ఆ గది పొడవు 1,000 అడుగులు, వెడల్పు 110 అడుగులు. ఇంత గదిని నింపడానికి పంపు ఒక్కటీ లేదు. సముద్ర మట్టానికి సుమారు 85 అడుగుల ఎత్తున ఉన్న గాటున్ సరస్సు నీరే పల్లానికి దిగుతుంది. గోడల్లో దాగిన సొరంగాల గుండా వచ్చి, నేలంతా పరచిన రంధ్రాల్లోంచి పైకి ఉబుకుతుంది. ఒకే పక్క నుంచి దూకితే ఓడ గోడకు కొట్టుకుంటుంది. అందుకే అన్ని రంధ్రాలు.

తలుపుల రూపకర్త హెన్రీ గోల్డ్‌మార్క్. ఒక్కో రెక్క వెడల్పు 65 అడుగులు, మందం 7 అడుగులు. పసిఫిక్ ఆటుపోట్లు చాలా ఎక్కువ కాబట్టి మిరాఫ్లోరెస్‌లో సముద్రం వైపు రెక్కలు అన్నిటికన్నా పొడవు, 82 అడుగులు. అంత ఉక్కును కీళ్ల మీద ఎలా నిలబెట్టాలి? రెక్క లోపల డొల్ల ఉంచి, అడుగుభాగాన్ని నీరు చొరకుండా బిగించారు. ఓడ పొట్టలాగే అది నీటిలో తేలుతుంది, కీళ్ల మీద భారం తగ్గుతుంది. తిప్పడానికి చిన్న మోటార్లే సరిపోయేవి. రెండు రెక్కలూ తిన్నగా కలవవు. సరస్సు వైపు మొన తేలిన కోణంలో కలుస్తాయి. పైనున్న నీరు ఎంత నెడితే అంత బిగుస్తాయి. తలుపును తెరవబోయే బలాన్నే మూతకు కాపలా పెట్టిన ఈ ఆలోచనే నాకు ఆ కాలువ మొత్తంలో అతి గొప్ప పని.

ఎడ్వర్డ్ షిల్డ్‌హౌయర్ రూపొందించిన నియంత్రణ బల్ల కూడా అంతటిదే. బల్ల మీద లాకుల నమూనా ఉండేది. కింద ఇనుప కడ్డీలు ఒకదానికొకటి అడ్డుపడేలా అమర్చారు. వరస తప్పి మీట తిప్పుదామన్నా తిరిగేది కాదు. కాలువ 1914 ఆగస్టు 15న తెరుచుకుంది. 2016లో ఇంకా పెద్ద లాకులు వచ్చాయి. వాటి తలుపులు పక్కకు జారే రకం. పాత తలుపులు ఇప్పటికీ పని చేస్తున్నాయి.

మీరెప్పుడైనా వెళ్తే గట్టు మీది గ్యాలరీతో సరిపెట్టుకోకండి. నౌక ఎక్కి లాకులోకే వెళ్లండి. వెనక తలుపు మూసుకుంటున్నప్పుడు రెండు రెక్కలూ కలిసే గీతను చూడండి.