సంతకం ఎవరిది?

పదకొండేళ్ల మా అమ్మాయికి హెచ్‌పీవీ టీకా వేయిద్దామని ఇంట్లో అన్నాను. "పెళ్లికాని పిల్లకి ఆ టీకా ఏంటమ్మా? ఖమ్మంలో అది వేస్తేనే కదా పిల్లలు చచ్చిపోయారు!" అన్నారు అత్తయ్యగారు. తాడేపల్లిగూడెం దాకా అప్పటి వార్త ఆ రూపంలోనే వచ్చి, అలాగే ఉండిపోయింది. అసలేం జరిగిందో చూద్దామని, ఆరోగ్య శాఖపై పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదిక తీశాను.

2009లో పాత్ అనే అమెరికా సంస్థ ఐసీఎంఆర్‌తో, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గార్డసిల్ వేయించింది. వాళ్లలో గిరిజన హాస్టళ్ల పిల్లలూ ఉన్నారు. తర్వాత ఐదుగురు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది.

నివేదిక బలమంతా అనుమతి పత్రాల దగ్గరుంది. 9,543 పత్రాల్లో 2,763 మీద వార్డెన్ల సంతకాలు, 1,948 మీద వేలిముద్రలు. ఇంతకు మించిన విశేషణాలు అక్కర్లేదు. హాస్టల్లో పిల్లని వదిలిన తల్లి అన్నం పెట్టమని వదిలింది గానీ, తన బదులు సంతకం పెట్టమని కాదు.

మరణాల దగ్గరికొచ్చేసరికి నాకు పేచీ ఉంది. వాటికి టీకాతో సంబంధం లేదని తొందరగా తేల్చేశారని సంఘం తప్పుబట్టింది. అడగాల్సిన మాటే. కానీ అప్పట్లో చెప్పిన కారణాల్లో నీళ్లలో మునక, పురుగుమందు లాంటివి ఉన్నాయి. టీకా వల్లే పోయారని రుజువు కాలేదు. దొంగచాటు అనుమతి ఒక తప్పు, ప్రాణాలు పోవడం ఇంకో సంగతి. చదువుతుంటే రెండూ ఒకే నేరంలా కలిసిపోతాయి. అత్తయ్యగారి మాటలో కలిసిపోయినవీ అవే.

"పెళ్లికాని పిల్లకి ఎందుకు" అన్నదానికి జవాబు సులువే, నోరు తెరిచి చెప్పడమే కష్టం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ ఈ వైరస్ వల్లే వస్తుంది. అది సోకకముందు వేస్తేనే టీకా బాగా పనిచేస్తుంది. 9-14 ఏళ్ల వాళ్లకి ఒక్క డోసు కూడా చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది.

అత్తయ్యగారు ఇంకా సరే అనలేదు. నేను మాత్రం వేయిస్తున్నాను. కాయితం మొత్తం చదివి, మా అమ్మాయికీ చదివి వినిపించి, దాని ప్రశ్నలన్నీ అయ్యాక, నా చేత్తో సంతకం పెట్టి.