పాట పుస్తకంలో, రాగం ఇంట్లో

డిసెంబరు వచ్చిందంటే కోస్తా జిల్లాల క్రైస్తవ పేటల్లో ప్రతి సాయంత్రం పాట వినిపిస్తుంది. సెమీ క్రిస్మస్ కూడికలకైనా, ఇల్లిల్లూ తిరిగే కేరల్స్ జట్లకైనా పాటే ప్రాణం. ఏటా కొత్త ఆల్బమ్‌లు ఎన్ని వచ్చినా, పెద్దలున్న ఇంట్లో అందరూ గొంతు కలిపేది మాత్రం ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిచినప్పుడే. లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్‌ఐ వారు ఆరాధన పద్ధతుల్లో వేరైనా ఈ పుస్తకం దగ్గర ఒక్కటవుతారు.

ఈ సంప్రదాయానికి పునాది వేసినవారిలో పురుషోత్తమ చౌధరి (1803–1890) ముఖ్యులు. 1833లో బాప్తిస్మం పొందిన ఆయన తెలుగువారి చెవికి అలవాటైన కీర్తన రూపాన్నే ఎంచుకున్నారు. పల్లవి, అనుపల్లవి, చరణాలు, యతిప్రాసలు అన్నీ అందులో ఉన్నాయి. పుస్తకంలో పాట పైన శంకరాభరణం, ముఖారి, ఆనందభైరవి వంటి రాగాల పేర్లు, ఆది, రూపక తాళాల పేర్లు కనిపిస్తాయి. భజనలు, హరికథలు వింటూ పెరిగిన జనానికి క్రీస్తు కథ తమ సొంత బాణీలో అందింది.

క్రిస్మస్ కీర్తనకు బలం పల్లవి. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావారు పల్లవి అందుకుంటారు. కథంతా చరణాల్లో నడుస్తుంది: దూత వర్తమానం, పొలంలో గొల్లలు, పశుల తొట్టి, చుక్కను చూసి బయలుదేరిన జ్ఞానులు. అక్షరం రాని అవ్వ చరణాలన్నీ కంఠతా పాడుతుంటే, పల్లవి మాత్రమే వచ్చిన మనవడు తాళాలు వాయిస్తూ ఆమెతో సమానంగా జట్టులో ఉంటాడు. పుస్తకంలో బాలయేసుకు లాలిపాట కూడా ఉంది. మా అమ్మమ్మ దాన్ని క్రిస్మస్‌కే దాచిపెట్టలేదు. మనవళ్లందరినీ ఆ పాటతోనే నిద్రపుచ్చింది.

పాశ్చాత్య మెట్లలో పాడే క్రిస్మస్ పాటలు కూడా మనవే అయిపోయాయి. జోసెఫ్ మోర్ రాసిన మాటలకు ఫ్రాంజ్ గ్రూబర్ బాణీ కట్టిన ‘సైలెంట్ నైట్’ను 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్‌లో మొదటిసారి పాడారు. అదే మెట్టులో తెలుగువారూ తెలుగు మాటలతో పాడుకుంటున్నారు. ఇలాంటి అనువాదం కష్టమైన పని. మెట్టు ముందే బిగిసి ఉంటుంది. స్వరం సాగేచోట దీర్ఘం పడాలి, ఊనిక ఉన్నచోట మాట మొదలవ్వాలి. కీర్తనలో ఆ ఇరుకు లేదు. ఇష్టమైన అక్షరం దగ్గర నిలబడి గమకంతో సాగదీయవచ్చు, ఉత్సాహం వస్తే పల్లవిని మళ్లీ మళ్లీ తిప్పవచ్చు. అందుకే కొవ్వొత్తుల ఆరాధనలో ‘సైలెంట్ నైట్’ లాంటి నెమ్మది పాట ఎంత నిండుగా ఉంటుందో, వీధిలో డోలక్‌తో కీర్తన అంత నిండుగా ఉంటుంది.

అయితే పాశ్చాత్య మెట్టు నొటేషన్‌లో భద్రంగా ఉంది. కీర్తన సంగతి వేరు. మన ఇళ్లలో ఉండే పుస్తకంలో రాగతాళాల పేర్లే ఉంటాయి, స్వరాలు ఉండవు. ‘ముఖారి’ అని చదివినంతమాత్రాన పాట నోటికి రాదు, పెద్దల నోట విని నేర్చుకోవాల్సిందే. అలా నేర్చుకోవడం వల్లే ఒకే పాటకు ఊరికో వరస ఏర్పడింది. కోడలు పుట్టింటి రాగాన్ని మెట్టినింటికి తెస్తుంది. మా ఇంట్లో ఒకే కీర్తనను నాన్నమ్మ ఒక రాగంలో, అమ్మ మరో రాగంలో పాడేవారు. మేము రెండూ నేర్చుకున్నాం. ఆ పాట పాడితే రెండు ఊళ్లూ, రెండు కుటుంబాలూ మాకు గుర్తుకొస్తాయి.

ఇప్పుడు కీబోర్డు రిథమ్‌కు సరిపోయే పాటలే ఎక్కువగా వినిపిస్తున్నాయి. సమయం లేదని రెండు చరణాలతో ఆపేస్తున్నారు. చరణం పోతే కథలో ముక్క పోతుంది. పాడే పెద్దవారు వెళ్లిపోతే రాగమే పోతుంది.

ఈ క్రిస్మస్‌కు మీ ఇంట్లో అందరికంటే పెద్దవారిని కూర్చోబెట్టి, వారికిష్టమైన కీర్తన అన్ని చరణాలూ పాడించండి. ఫోనులో రికార్డు చేయండి. ఆ రాగం ఏ ఊరిదో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి రాసుకోండి. విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపండి. తర్వాత మీరూ వారితో కలిసి పాడి నేర్చుకోండి, ఎందుకంటే రికార్డు గుర్తుగా ఉంటుంది గానీ, పాట బతికేది పాడే గొంతులోనే.