కార్నర్‌లో నిలబడ్డవాడు

హన్మకొండలో కబడ్డీ ఆడిన ఎనిమిదేళ్లూ నేను లెఫ్ట్ కార్నర్‌నే. మొదటిరోజే మా సీనియర్ ఒకాయన చెప్పాడు: "మొఖం జూడకు తమ్మీ, మడమ జూడు." రైడర్ చూపు ఒకవైపు, చేయి ఇంకోవైపు పెట్టి ఎంత ఏమార్చినా, వెనక్కి తిరిగే ముందు బరువు వేళ్ల మీదికి పోయి మడమ లేస్తుంది. సరిగ్గా అప్పుడే వంగి చీలమండ అందుకోవాలి. తొందరపడితే మన వీపు మీదుగా దూకిపోతాడు. ఆలస్యమైతే గీత తాకేస్తాడు. ఆ ఒక్క పట్టు చేతికి రావడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఆ పట్టు నన్ను జిల్లా జట్టు దాకా తీసుకుపోయింది. ఒక్కసారి రాష్ట్ర పోటీలు ఆడాను. మిగతావన్నీ సంక్రాంతికి, ఉగాదికి ఊళ్లల్లో పెట్టే టోర్నమెంట్లే. పొద్దున నర్సంపేటలో ఆడి, ఆటోలో పర్వతగిరి చేరి, రాత్రి లైట్ల కింద మళ్లీ కోర్టులోకి దిగేవాళ్లం. గెలిచిన డబ్బు పన్నెండు మందికి పంచుకుంటే దారిఖర్చులకే సరిపోయేది. చివరికి మోకాలు మొరాయించింది, ఆట ఆగింది.

2014లో ప్రో కబడ్డీ వచ్చింది. తెలుగు టైటాన్స్‌ను టీవీలో చూసి మా పిల్లలు ఊగిపోయారు. అప్పుడు ఎనిమిది జట్లు, ఇప్పుడు పన్నెండు. దేశమంతా కలిపినా ఆ మ్యాట్ మీద చోటు కొద్ది వందల మందికే. అదే ఉత్తర అమెరికా ఐస్ హాకీలోనైతే నేషనల్ హాకీ లీగ్ కింద అమెరికన్ హాకీ లీగ్, దాని కింద ఈసీహెచ్‌ఎల్ ఉన్నాయి. పైమెట్టు ఎన్నడూ ఎక్కనివాళ్లు కూడా అక్కడ జీతానికి ఆడతారు. మన ఆటగాడికి స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగమో పోలీసు ఉద్యోగమో దొరికితేనే బతుకు నిలబడుతుంది. దొరకనివాడు పాతికేళ్లకే ఆట వదిలేస్తాడు. వాడితో పాటే వాడి విద్యా పోతుంది. నాకు బాధ కలిగించేది అదే.

2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన జీవంజి దీప్తిది వరంగల్ జిల్లా కల్లెడ. కోచ్ నాగపురి రమేశ్ చేతిలో పడకముందే ఆమె పరుగును గమనించింది బడిలో పీఈటీ సారే. కింది మెట్టు మీద చూసే కన్ను లేకపోతే పైమెట్టుకు ఎవరూ చేరరు.

ఇప్పుడు సాయంత్రాలు మా వీధి బడి గ్రౌండ్‌లో పిల్లలకు మడమ చూడటం నేర్పుతున్నాను. మీ ఊళ్లోనూ ఆడి మానేసినవాళ్లు ఉంటారు. వాళ్లను బడికి పిలవండి. రోజుకు ఒక గంట గ్రౌండ్ ఇవ్వండి, చేసిన పనికి కూలీ ఇవ్వండి.