ఒక్క వరుస అంటే ఎవరు?

2025 ఏప్రిల్‌లో తెలంగాణ భూ రికార్డుల చట్టం భూభారతిని ముందుగా ప్రయోగించి చూసేందుకు ఎంచుకున్న నాలుగు మండలాల్లో, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే దారిలోని లింగంపేట ఒకటి. ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి అర్జీలు తీసుకున్నారు. ఇలాంటి పనిలో అందరూ మొదట అడిగేది ‘ఎన్ని?’ అనే. అర్జీలా, రైతులా, సర్వే నంబర్లా అన్నది ఎవరూ అడగరు. ఇలాంటి రికార్డులను లెక్కపెట్టే వెబ్ స్క్రిప్టుల్లో డేటాబేస్ వరుసల లెక్క తప్పడానికి ముఖ్య కారణం ఇదేనని నా నమ్మకం. డేటాబేస్ చాలాసార్లు సరిగ్గానే లెక్కపెడుతుంది. ఒక వరుస అంటే ఏమిటో క్వెరీ రాసినవారే తేల్చుకొని ఉండరు.

రెవెన్యూ రికార్డు పద్ధతిలోనే రెండు టేబుళ్లు ఊహించండి: ఒకదాంట్లో పట్టాదారులు, రెండోదాంట్లో వాళ్ల సర్వే నంబర్లు. రెండింటినీ మామూలుగా జాయిన్ చేస్తే, ఒకే ఖాతా కింద మూడు సర్వే నంబర్లున్న రైతు మూడుసార్లు వస్తాడు. భూమి వివరం ఇంకా ఎక్కని రైతు అసలే రాడు. పెరిగినవీ తగ్గినవీ సరిపోయి మొత్తం నమ్మేలా కనిపించిందంటే, ఆ తప్పు ఎన్నాళ్లైనా బయటపడదు. అందుకే మొత్తం సరిపోయినంత మాత్రాన లెక్క సరైనదని నేను ఒప్పుకోను.

‘డిస్టింక్ట్ పెడితే పోయె’ అంటారు. దేని మీద? పేరు మీద పెడితే ఒకే పేరున్న ఇద్దరు రైతులు ఒక్కరైపోతారు. ఖాతా నంబరు మీద పెడితే, ఆ నంబర్లు ఊరివారీగా ఉంటాయి కాబట్టి మండలం లెక్కలో పక్కూరి రైతు మాయమవుతాడు. ఊరు, ఖాతా రెండూ కలిపితేనే ఖాతాల లెక్క నిలుస్తుంది.

తప్పు పనిముట్టుదీ కావచ్చు కదా అనేవారి మాటలో నిజం ఉంది. పీహెచ్‌పీలో పీడీఓ రోకౌంట్, సెలెక్ట్ క్వెరీకి అన్ని డేటాబేస్‌లలో సరైన అంకె ఇస్తుందన్న హామీ లేదు. మైఎస్‌క్యూఎల్‌లో ఉన్న విలువనే మళ్లీ రాస్తే, మారిన వరుసలు సున్నా అని వస్తుంది. దాన్ని చూసి స్క్రిప్టు ‘రికార్డు లేదు’ అని చూపితే, రికార్డు ఉన్న రైతు మళ్లీ ఆఫీసు చుట్టూ తిరగాలి. అయితే ఈ రెండూ మాన్యువల్లో రాసి ఉన్నవే. ఏ వరుసలను లెక్కపెడుతున్నామన్న ప్రశ్న ముందే వేసుకుంటే వీటి దగ్గరా ఆగి చూస్తాం. లెక్క సరిచూడటానికి మండలమంతా పక్కనపెట్టి ఒక చిన్న ఊరు తీసుకొని, ఊరు, ఖాతా మీద గ్రూప్ బై చేసి, ఒకటికి మించి వచ్చిన ఖాతాలను రిజిస్టరుతో పోల్చి చూడాలి. జాయిన్‌లో రాని పట్టాదారులను లెఫ్ట్ జాయిన్‌తో విడిగా తీయాలి.