ఐదు నిమిషాలకూ వారానికీ మధ్య

డిగ్రీలో సైకాలజీ తీసుకున్న పిల్లలకు నేను ఏటా ఇచ్చే పని ఒకటుంది. ఒక పరిశోధనా వ్యాసం చదివి, దాని సారాంశం ఒక్క పేజీలో రాసుకురావాలి. పాఠాన్ని కుదించి రాయడం వాళ్లకు ఇంటర్ నుంచీ అలవాటే. పరిశోధనా వ్యాసం మాత్రం అంత తేలిగ్గా లొంగదు. పాఠ్యపుస్తకం తేలిన సంగతి చెప్పి ఊరుకుంటుంది. అది ఎవరి మీద, ఎలా, ఎంతవరకు తేలిందన్నది వ్యాసంలోనే ఉంటుంది. సారాంశం రాసేటప్పుడు మొదట జారిపోయేది ఆ ‘ఎంతవరకు’ అన్నదే. నేను దిద్దేటప్పుడు ముందు దానికోసమే వెతుకుతాను.

తరచుగా నేను ఇచ్చే వ్యాసం హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ రాసినది. 2006లో ‘సైకలాజికల్ సైన్స్’ పత్రికలో వచ్చింది. ఏడే పేజీలు, ప్రయోగాలు రెండు. మొదటి ప్రయోగంలో అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ విద్యార్థులు 120 మంది పాల్గొన్నారు. చదవడానికి రెండు చిన్న భాగాలు ఇచ్చారు. ఒకటి సూర్యుడి గురించి, ఇంకొకటి సముద్రపు నీటిపిల్లుల గురించి. ప్రతి విద్యార్థీ ఒక భాగాన్ని రెండుసార్లు చదివాడు. రెండో భాగాన్ని ఒకసారి చదివి, తర్వాత గుర్తున్నంత మేరకు తెల్లకాగితం మీద రాశాడు. చివరి పరీక్ష కొందరికి 5 నిమిషాలకు, కొందరికి 2 రోజులకు, మిగతావారికి వారానికి పెట్టారు.

ఐదు నిమిషాలకు పెట్టిన పరీక్షలో, రెండుసార్లు చదివిన భాగం 81 శాతం గుర్తుంది. ఒకసారి చదివి రాసిన భాగం 75 శాతమే. రెండు రోజులకు లెక్క తిరగబడింది: చదివినది 54, రాసినది 68. వారానికి చదివినది 42, రాసినది 56. మొత్తం వ్యాసానికి ప్రాణం ఈ తిరగబడటంలోనే ఉంది. పరీక్ష ముందురోజు రాత్రి పదేపదే చదివేవాడికి అది పనికొచ్చినట్టే ఎందుకు అనిపిస్తుందో, సెమిస్టర్ దాటగానే అంతా ఎందుకు ఎగిరిపోతుందో ఆలోచించడానికి ఆ ఆరు అంకెలు చాలు.

పిల్లల కాగితాల్లో తరచుగా కనిపించే వాక్యం ఇది: ‘పరీక్షలు రాస్తే జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఈ వ్యాసం నిరూపించింది.’ చూడటానికి నిండుగా ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే, జ్ఞాపకశక్తిని ఆ వ్యాసంలో ఎవరూ కొలవనే లేదు. కొలిచింది ఒక చిన్న భాగంలోని ముప్ఫై అంశాల్లో ఎన్ని గుర్తున్నాయన్నది. ఇక పరీక్ష అనగానే మనకు హాల్ టికెట్టు, మార్కులు, ఇన్విజిలేటరు మెదులుతాయి. అక్కడి పరీక్ష శీర్షిక మాత్రం ఉన్న ఒక కాగితం. మార్కులు లేవు. రాసినదాంట్లో ఏది తప్పో, ఏది ఒప్పో చెప్పలేదు కూడా. తప్పు దిద్దకుండానే వారం తర్వాత అంత తేడా కనిపించడం విశేషం. సారాంశంలో ‘పరీక్ష’ అని ఊరుకుంటే ఆ విశేషమంతా పోతుంది. ‘ఐదు నిమిషాలకు ఫలితం వేరు’ అన్న మాట రాయకపోతే వాక్యం ఏకంగా తప్పవుతుంది. పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగేళ్ల విద్యార్థులు కొన్ని వందల మంది, ఒకే యూనివర్సిటీ, మూడు వందల మాటలైనా లేని భాగాలు. ఇంత కొలతకు ‘నిరూపించింది’ అన్న మాట బరువెక్కువ.

ఇలా రాయడం పిల్లల బద్ధకం వల్ల కాదని నా నమ్మకం. వాళ్లు అబ్‌స్ట్రాక్ట్‌తో మొదలుపెడతారు. అక్కడ రచయితలే అంతా కుదించి పెట్టి ఉంటారు కాబట్టి ఇక చేయడానికేమీ మిగలదు. ఒక్కో ఇంగ్లిష్ మాట తీసి దాని బదులు అదే అర్థమున్న మాట పెట్టుకుంటూ పోతారు. అందుకే నేను మెథడ్ భాగంతో మొదలుపెట్టమంటాను. చదవడానికి అన్నిటికంటే పొడిగా ఉండేది అదే, కానీ పట్టు దొరికేది అక్కడే. ఎవరిని కూర్చోబెట్టారు, ఏమిచ్చారు, ఒక గుంపుకూ ఇంకో గుంపుకూ ఏది మార్చారు, చివరికి ఏది లెక్కపెట్టారు? ఈ నాలుగూ తెలిస్తే రిజల్ట్స్‌లోని పట్టికలు భయపెట్టవు. స్టాటిస్టిక్స్ అక్షరాలు అర్థం కాకపోయినా, ఏ అంకె పక్కన ఏ అంకె పెట్టి చూడాలో తెలుస్తుంది.

ఆ తర్వాత జిరాక్సు కాగితాలు మూసి బల్ల చివరికి నెట్టేయమంటాను. గుర్తున్నంత మటుకు తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రాయాలి. ఆగిపోయిన చోట ఖాళీ వదలాలి. అంతా అయ్యాకే వ్యాసం తెరిచి ఖాళీలు నింపుకోవాలి. రోడిగర్, కార్పికీ తమ విద్యార్థుల చేత చేయించిందీ ఇంచుమించు ఇదే. ఎదురుగా వాక్యాలు లేనప్పుడు కాపీ కొట్టే వీలుండదు, మన వాక్యమే రావాలి.

రెండో ప్రయోగాన్ని చాలామంది ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. నాకు మాత్రం అదే ఎక్కువ ఇష్టం. 180 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు నాలుగు విడతలూ చదివింది. ఒక గుంపు మూడు విడతలు చదివి ఒకసారి రాసింది. ఇంకో గుంపు ఒక్క విడతే చదివి మూడుసార్లు రాసింది. చదువుతూ పోయినవాళ్లు ఆ భాగాన్ని సగటున 14 సార్లు పూర్తిచేశారు, ఒక్క విడత చదివినవాళ్లు మూడు నాలుగుసార్లు. వారం తర్వాత మొదటివాళ్లకు గుర్తున్నది 40 శాతం, మూడుసార్లు రాసినవాళ్లకు 61. వారం తర్వాత ఎంత గుర్తుంటుందో మీరే అంచనా వేయండి అని ముందుగా అడిగితే, ఎక్కువ ధీమాగా చెప్పింది ఊరికే చదివిన గుంపే. అరగంట చదివాక అంతా వచ్చేసినట్టు మన పిల్లలకు కలిగే ధైర్యం కూడా ఈ కోవలోదేనేమో.

‘కోవలోదేనేమో’ అన్నది నా ఊహ, వ్యాసంలో లేదు. వ్యాసం చెప్పినదానికీ మన ఊహకూ మధ్య గీత చెరగకూడదు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు, పెద్ద పాఠాలకు, లెక్కలకు ఇది వర్తిస్తుందా అన్న ప్రశ్న మంచి ప్రశ్నే. దాన్ని రచయితల నోట పెట్టకుండా, చివరి పేరాలో ‘నా ప్రశ్న’ అని విడిగా రాయమంటాను.

ఇప్పుడు పీడీఎఫ్‌ను ఫోన్లో చాట్‌బాట్‌కు ఇస్తే క్షణంలో శుభ్రమైన సారాంశం వస్తుంది. చాలాసార్లు బాగానే ఉంటుంది కూడా. అయితే కాగితాలు మూసి గుర్తు తెచ్చుకునే ఆ పది నిమిషాల పని అందులో ఎవరూ చేయలేదు. నాకు కావలసింది ఆ పని.

దిద్దే ముందు క్లాసులో ఇంకొకటి చేయిస్తాను. ఒకరి సారాంశాన్ని, ఆ వ్యాసం చదవని మరొకరికి ఇస్తాను. దాన్ని బట్టి మొదటి ప్రయోగానికి ఒక పట్టిక గీయాలి. అడ్డంగా మూడు గడులు, నిలువుగా రెండు, మొత్తం ఆరు. ‘వారానికి’ కింద రెండు గడులూ ఇట్టే నిండుతాయి. ‘ఐదు నిమిషాలకు’ కింద పెన్ను ఆగుతుంది. అప్పుడు రాసినవాడు తన కాగితం వెనక్కి తీసుకుని, మాట్లాడకుండా వ్యాసంలో ఆ పేజీ వెతకడం మొదలుపెడతాడు.