చెప్పులో రాయి, బూటుపై రంగు: మనోవేదన వ్యక్తీకరణ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: తెల్లని కాన్వాసు బూట్లపై స్వయంగా బొమ్మలు వేసి మానసికావస్థలను వెల్లడించే ప్రక్రియను తెలుగు సాహిత్యంలోని పాదరక్షల ప్రతీకలతో పోల్చి, దాని విలువను నిర్ణయించగల ప్రమాణాన్ని అన్వేషించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: పాదరక్ష, మనోవేదన, ప్రతీక, శ్రోత, గడప.

1. ఉపోద్ఘాతం

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1966లో మొదలైన వ్యాన్స్ అనే బూట్ల సంస్థ, 2010లో అక్కడి ఉన్నత పాఠశాలల కోసం 'కస్టమ్ కల్చర్' అనే పోటీని ప్రారంభించింది. రంగు వేయని బూట్లను విద్యార్థులకు ఇచ్చి, నిర్దేశించిన అంశాలపై వాటిని చిత్రించమనడం ఆ పోటీ స్వరూపం. ఒంటరితనం, ఆందోళన, కుంగుబాటు వంటి మానసికావస్థలు కూడా ఇటువంటి బూటు చిత్రకళకు వస్తువులయ్యాయి. గోడకు వేలాడే చిత్రం దగ్గరకు ప్రేక్షకుడు వెళ్లాలి. బూటుపై చిత్రం తానే జనం మధ్యకు నడిచి వస్తుంది. నోరు తెరిచి చెప్పుకోలేని మాటకు ఇది అనువైన మాధ్యమంగా తోచడానికి కారణం ఇదే. ఈ మాధ్యమాన్ని తెలుగు నేలపై నిలిపి చూస్తే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి: ఆ బూటు ఎవరిది? అది చెప్పే మాటను వినేవారెవరు?

2. ఆ బూటు ఎవరిది?

మొదటి ప్రశ్నకు కళావిమర్శలో ప్రసిద్ధమైన పూర్వరంగం ఉంది. 1886లో పారిస్‌లో నివసిస్తున్నప్పుడు విన్సెంట్ వాన్‌గో అరిగిపోయిన ఒక జత బూట్లను చిత్రించాడు. 1935-36 నాటి ప్రసంగాలలో తత్త్వవేత్త హైడెగర్ వాటిని ఒక రైతు స్త్రీ బూట్లుగా భావించి, ఆమె శ్రమను, తిండిగింజల గురించిన ఆమె బెంగను వాటిలో దర్శించాడు. 1968లో కళాచరిత్రకారుడు మేయర్ షాపీరో ఆ వ్యాఖ్యానాన్ని ఖండించాడు. అవి నగరంలో ఉంటున్న చిత్రకారుని సొంత బూట్లేనని ఆయన వాదం. వేదన అనుభవించిన మనిషిని పక్కకు తప్పించి, వస్తువులో విమర్శకుడు తన తత్త్వాన్నే చదువుకొనే ప్రమాదాన్ని ఈ వివాదం బయటపెట్టింది.

2018లో వ్యాన్స్ సంస్థ ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్‌గో మ్యూజియంతో కలిసి ఆయన చిత్రాలను ముద్రించిన బూట్లను విపణిలోకి తెచ్చింది. జీవితపు చివరి యేళ్లలో తీవ్ర మానసిక వ్యాధికి గురైన చిత్రకారుని వర్ణాలు ఇక్కడ కొనుగోలుదారుని అభిరుచికి చిహ్నాలయ్యాయి. తన బూటుపై తానే రంగు వేసుకొన్న విద్యార్థి విషయంలో ఇంత దూరం ఉండదు. వేదన, కుంచె, పాదం మూడూ ఒకరివే. అయితే ఇచ్చిన అంశంపై, బహుమతి ఆశించి వేసిన బొమ్మలో ఈ ఏకత్వం ఎంతవరకు నిలుస్తుందన్నది విమర్శకుడు ప్రతిసారీ పరీక్షించవలసిన విషయం.

3. తెలుగు సాహిత్యంలో పాదరక్ష

వేమన ప్రసిద్ధ పద్యమొకటి చెప్పులో చిక్కిన రాయిని, కంటిలో నలుసును, ఇంట్లోని పోరును ఒకే వరుసలో నిలిపింది. చెప్పులోని రాయి పైకి కనబడదు. నడకలో వచ్చిన తేడాను గమనించినవారికే దాని ఉనికి తెలుస్తుంది. మనోవేదనకు ఇంతకంటె దగ్గరి ఉపమానం అరుదు. రంగులద్దిన బూటు లోపలి రాయిని పైభాగానికి తెస్తుంది. రాయిని చూపడం ఒక పని, దానిని తీయడం మరొక పని.

జాషువా 'గబ్బిలం' (1941) ఈ చర్చకు మరింత కీలకం. ఇందులో కథానాయకుడు చెప్పులు కుట్టి బతికేవాడు. ఊరివారి పాదాలను కాపాడే ఆ మనిషి తన దుఃఖాన్ని వినే మనిషి లేక గబ్బిలం ద్వారా శివునికి సందేశం పంపుతాడు. అతనికి మాటలు కరవు కాలేదు, కరవైనది శ్రోత. పైగా ఆ దుఃఖాన్ని కేవలం వ్యక్తిగత మానసిక సమస్యగా చదివితే దానికి మూలమైన కులవ్యవస్థ మరుగున పడుతుంది. దళితులు అగ్రవర్ణాల వీధిలో చెప్పులు తొడుక్కొని నడవడమే నేరమైన సమాజంలో, పాదరక్షపై తన మనసు రాసుకొని నడవడం అందరికీ ఒకే అర్థాన్ని ఇవ్వదు.

4. గడప దగ్గర ఆగిపోయే మాట

తెలుగువారు పాదాన్ని పసుపుతో, పారాణితో అలంకరిస్తారు. చెప్పును మాత్రం గడప బయటే విడుస్తారు. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వంటి ఏజెన్సీ మండలాల నుంచి జంగారెడ్డిగూడెం వచ్చి చదువుకొనే విద్యార్థి ఒకడు తన బూటుపై ఒంటరితనాన్ని చిత్రించుకొన్నాడని ఊహిస్తే, ఆ బొమ్మ బస్టాండులో అపరిచితులకు కనబడుతుంది. ఇంటి గడప దగ్గర ఆగిపోతుంది. తల్లిదండ్రులు వినవలసిన మాట అరుగు మీదే ఉండిపోతుంది. బడిలోనైతే తెల్లబూటు క్రమశిక్షణకు గుర్తు. దానిపై గీత పడితే ముందుగా కనిపించేది నియమోల్లంఘనే.

అందరికీ కనబడటంలో మరొక చిక్కు ఉంది. ఏలూరులో జన్మించిన బుచ్చిబాబు (1916-1967) రచయితే కాక చిత్రకారుడు కూడా. ఆయన 'చివరకు మిగిలేది' నవలలో తల్లిని గురించి లోకం అనుకొనే మాట దయానిధిని వెన్నాడుతుంది. ఆ అంతర్మథనాన్ని చెప్పడానికి బుచ్చిబాబుకు ఒక నవలంత విస్తీర్ణం అవసరమైంది. జానెడు బూటుపై అంత చోటు లేదు. అక్కడ మిగిలిన ఖాళీని లోకం తన ఊహాగానాలతో నింపుతుంది. వేదనను బయటపెట్టిన విద్యార్థికి ఆలకింపు బదులు ముద్ర దక్కవచ్చు.

5. ముగింపు

పై పరిశీలనను బట్టి రంగుల బూటు సంభాషణకు ఆరంభం మాత్రమేనని తేలుతుంది. దాని విలువను వర్ణనైపుణ్యంతో కాక, అది సంపాదించుకొన్న శ్రోతను బట్టి నిర్ణయించాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) చికిత్సను హక్కుగా గుర్తించింది. 2022లో ప్రారంభమైన టెలీ-మానస్ సేవ 14416 నంబరులో అందుబాటులో ఉంది. ఆ హక్కుకూ ఆ విద్యార్థికీ మధ్య తరచుగా నిలిచేది అధ్యాపకుడే. బూటుపై బొమ్మను రోగలక్షణంగా నిర్ధారించడం, ఫ్యాషనుగా కొట్టిపారేయడం రెండూ తొందరపాటే. బొమ్మ బాగుందనడం ప్రశంస. అక్కడ నలుపు ఎందుకు వేశావని అడిగి, జవాబు వచ్చేవరకు ఓపికపట్టడం పఠనం. సాహిత్యం బోధించేవారికి ఈ పఠనం కొత్త విద్య కాదు.