బండి అడుగున

రోడ్డు మీద మందుపాతర పేలింది. వాహనం గాల్లోకి లేచి పక్కకు పడింది. లోపలున్న జవాన్లు ప్రాణాలతో బయటపడ్డారు. పేపర్లో ఇలాంటి వార్త కనపడగానే మన ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాట ఒకటే: ఇంకా భూమ్మీద నూకలున్నాయి. ఆ మాటలోని ఆప్యాయత నాకు ఇష్టం. అయితే ఆ నూకల్లో చాలావరకు ఎవరో కొలిచి పోసినవి. కొలిచినవాళ్లలో లోహశాస్త్రజ్ఞులున్నారు, ఫిట్టర్లున్నారు, వెల్డర్లున్నారు, బయల్దేరే ముందు ప్రతి సీటు బెల్టునూ లాగి చూసిన హవల్దార్లున్నారు. వెల్డింగ్ తనిఖీ పనిలో బతికినవాణ్ని కాబట్టి ఈ వారం వాళ్ల గురించి రాయాలనుంది.

2003లో ఇరాక్‌లోకి వెళ్లిన అమెరికా సైనికులు ఎక్కువగా తిరిగింది హమ్వీల్లో. 1980లలో సైన్యంలోకి వచ్చిన బండి అది. మనుషుల్నీ సామాన్లనూ చేరవేయడానికి చేసింది. అడుగు చదునుగా, నేలకు దగ్గరగా ఉంటుంది. తిరుగుబాటుదారులు పాత ఫిరంగి గుండ్లను రోడ్డు పక్కనా కిందా పాతి, సెల్‌ఫోన్లతోనో వైర్లతోనో పేల్చడం మొదలుపెట్టాక ఆ చదును అడుగే సైనికుల పాలిట శాపమైంది. సైనికులు తుక్కు కుప్పల్లో దొరికిన ఇనుప పలకలు తెచ్చి తలుపులకు బిగించుకున్నారు. కాళ్ల కింద ఇసుక బస్తాలు పరుచుకున్నారు. 2004 డిసెంబరులో కువైట్‌లోని శిబిరానికి వచ్చిన రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్‌ను ఒక సైనికుడు అందరి ముందూ నిలదీశాడు, మా బండ్ల రక్షణకు మేమే తుక్కులో ఇనుము వెతుక్కోవాల్సిన గతి ఎందుకు పట్టిందని. చేతిలో ఉన్న సైన్యంతోనే యుద్ధానికి వెళ్తాం, కోరుకున్న సైన్యంతో కాదు అన్న అర్థంలో మంత్రి జవాబిచ్చారు. ఆ జవాబు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పేలుడును తట్టుకునే బండి ఎలా చేయాలో లోకానికి అప్పటికే పాతికేళ్లుగా తెలుసు.

తెలిసిన చోటు దక్షిణాఫ్రికా, దాని పొరుగున ఇప్పటి జింబాబ్వే అయిన రొడీషియా. 1970లలో రొడీషియా మట్టిరోడ్ల నిండా మందుపాతరలు. అక్కడి వర్క్‌షాపుల్లో మొదట చేసినవి చిన్న పనులే. టైర్లలో గాలితోపాటు నీళ్లు నింపారు. సీట్లకు బెల్టులు బిగించారు. ఆ తర్వాత అడుగును కోణంగా మార్చారు, చక్రాలూ ఇరుసులూ పేలుడుకు ఊడి దూరంగా పడేలా, మనుషులున్న గది మాత్రం నిలిచేలా బండిని అమర్చారు. దక్షిణాఫ్రికాలో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి ఈ పనిని లెక్కల్లోకి, పరీక్షల్లోకి తెచ్చింది. ఆ దశాబ్దం చివర పుట్టిన క్యాస్పిర్ బండి చక్రం కింద 21 కిలోల టీఎన్‌టీ పేలినా, పొట్ట కింద 14 కిలోలు పేలినా లోపలివాళ్లను కాపాడాలన్నది దాని కొలత.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ బండ్లు తయారైంది శ్వేతజాతి పాలనను నిలబెట్టడానికి. అవే క్యాస్పిర్లు నల్లవారి బస్తీల్లోకి తుపాకులతో దూసుకెళ్లాయి. తర్వాతి కాలంలో అదే బండి మొజాంబిక్, అంగోలాల్లో మిగిలిపోయిన మందుపాతరలు ఏరివేసే పనికి వెళ్లింది. మంచి పనితనం చెడ్డ చేతుల్లో పుట్టొచ్చు. ఆ పనితనాన్ని నేర్చుకుందాం, ఆ చేతులను మాత్రం మరిచిపోవద్దు.

కోణపు అడుగు చేసేది చూరు వాలు చేసే పనే, తలకిందులుగా. పెంకుటింటి మీద వాన నిలవకుండా జారిపోయినట్టు, కింద నుంచి వచ్చిన పేలుడు వాయువు, మట్టి, రాళ్లు అడుగు రేకు వెంట రెండు పక్కలకూ జారిపోతాయి. దానికి తోడు బండిని నేల నుంచి బాగా ఎత్తి నిలబెడతారు. పేలిన చోటుకు ఎంత దూరమైతే దెబ్బ అంత తగ్గుతుంది. బరువు కూడా కావాలి, తేలిక బండి ఎక్కువ ఎగురుతుంది. చెప్పుకోవడానికి ఇంతే. చేయడంలో ఉంది కష్టమంతా.

కవచానికి వాడే ఉక్కు మామూలు ఉక్కు కాదు. వేడిచేసి, చప్పున చల్లార్చి గట్టిపరిచిన ఉక్కు. దాని మీద వెల్డింగ్ పెట్టిన మరుక్షణం ఆ గట్టిదనాన్ని మన చేత్తో మనమే చెడగొట్టడం మొదలుపెడతాం. అతుకు పక్కన వేడి తగిలిన మేర ఉక్కు ఒకచోట మెత్తబడుతుంది, మరోచోట పెళుసెక్కుతుంది. వెల్డింగ్ రాడ్డు పూతలో ఏ కాస్త తేమ ఉన్నా ఆ వేడికి విడిపోయి హైడ్రోజన్ కరిగిన లోహంలోకి దూరుతుంది. దూరి ఊరుకోదు. అతుకు చల్లారాక, అందరూ బాగుందని చూసి వెళ్లిపోయాక, ఒకరోజు తర్వాతో రెండు రోజుల తర్వాతో లోపల వెంట్రుకవాసి పగులు తీస్తుంది. అందుకే రాడ్లను ఓవెన్‌లో కాల్చి, వేడి డబ్బాలోంచి ఒక్కొక్కటే తీసి వాడాలి. ప్లేటును ముందే వెచ్చజేయాలి. అతుకు వేసిన పూటే కాకుండా రెండు రోజులు ఆగి మళ్లీ తనిఖీ చేయాలి. చాలాచోట్ల సాగే గుణమున్న స్టెయిన్‌లెస్ రకం రాడ్లే వాడతారు, హైడ్రోజన్‌ను తనలో దాచుకునే లోహం అది.

పటాన్‌చెరు వైపు నేను చూసిన అతుకులు బాయిలర్లవి, ప్రెజర్ వెసెల్స్‌వి. కవచపు బండ్లవి కాదు. అయినా ఆషాఢ శ్రావణాల ముసురులో రాడ్ల డబ్బా మూత తెరిచి ఉంచినవాణ్ని చూస్తే నాకు వచ్చే కోపం, ఆ బండ్ల షాపులో తనిఖీదారుకూ వచ్చే ఉంటుంది. బాయిలర్‌కైనా హైడ్రో టెస్టు ఉంది. నీళ్లు నింపి ఒత్తిడి పెంచి అతుకు నిలిచిందో లేదో చూసుకున్నాకే పంపుతాం. నమూనాగా కొన్ని బండ్లను పేల్చి పరీక్షిస్తారు గానీ, జవాన్లు ఎక్కే ప్రతి బండినీ పేల్చి చూడలేరు కదా. దాని అసలు పరీక్ష రోడ్డు మీద, మనుషులు లోపల ఉండగా జరుగుతుంది. అందుకే ఈ పని తెలిసిన డిజైనరు వెల్డర్‌ను నమ్ముతూనే అతుకు మీద భారం తగ్గిస్తాడు. అడుగు మొనలో రెండు ప్లేట్లను కలిపి అతికే బదులు ఒకే ప్లేటును ప్రెస్సులో పెద్ద వంపుతో వంచుతాడు. తప్పనిసరిగా అతకాల్సిన చోట ఒక ప్లేటు మీద మరొకటి ఆనేలా పెడతాడు. పేలుడు నెట్టినప్పుడు ప్లేటు ప్లేటును ఆనుకుంటుంది, అతుకు చీలదు. మూల దగ్గర ఇలా ఆనించి పెట్టిన ప్లేటు నాకు గుడి స్తంభం మీద శిల్పమంత అందంగా కనపడుతుంది.

బండి నిలిచినంత మాత్రాన లోపలి మనిషి నిలవడు. పేలిన కొద్ది మిల్లీ సెకండ్లలో నేల రేకు పైకి తన్నుకొస్తుంది. పాదాలు దాని మీద ఆనించి ఉంటే మడమ ఎముక నుజ్జవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడ అడుగున మైను పేలినప్పుడు డెక్కు మీద నిలబడ్డ నావికులకు సరిగ్గా ఇవే విరుగుళ్లు అయ్యాయి. ఆ తర్వాత బండి మొత్తం పైకి లేస్తుంది, వెన్నుపూస మీద బరువు పడుతుంది. తిరిగి నేలను తాకినప్పుడు మరోసారి. అందుకే సీటును నేలకు బిగించరు. పక్క గోడకో పైకప్పుకో వేలాడదీస్తారు, దెబ్బకు కిందికి కుంగి ఆ బలాన్ని మింగేలా చేస్తారు. పాదాలకు నేలకు తగలని మెట్టు పెడతారు. ఈ ఏర్పాటంతా బెల్టు పెట్టుకున్నవాడికే పనికొస్తుంది. పెట్టుకోకపోతే తల కప్పుకు కొట్టుకుంటుంది. తాళ్లతో కట్టని మందుగుండు పెట్టె, నిప్పు ఆర్పే సిలిండరు లోపల ఎగిరి ఎవరి మీద పడతాయో చెప్పలేం.

ఒంటి నిండా కవచం, ఎండ, ఎప్పుడు దూకి దిగాలో తెలియని కంగారు. ఇన్నిటి మధ్య బెల్టు వదులుచేసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. బెల్టు అలవాటు చేయడానికీ, బోల్తాపడ్డ బండిలోంచి బయటపడటం నేర్పడానికీ అమెరికా సైన్యం బండి గదిని ఇరుసుకు బిగించి తలకిందులుగా తిప్పే యంత్రాలు పెట్టింది. సైనికులు లోపల బెల్టుతో వేలాడుతూ, ఒక చేత్తో కప్పును ఆనించుకుని, రెండో చేత్తో బెల్టు విప్పుకోవడం, తలుపు వెతుక్కోవడం, పక్కవాణ్ని లాగడం సాధన చేస్తారు. కళ్లు మూసుకున్నా చేతికి తలుపు గడియ తగిలేదాకా చేస్తారు. కవచపు బండ్లు ఎత్తు ఎక్కువ కాబట్టి కాలువ గట్ల మీద బోల్తాపడి నీళ్లలో మునిగినవాళ్లున్నారు. కాపాడే ఎత్తే మరో ప్రమాదాన్ని తెచ్చింది, దానికి విరుగుడు ఈ సాధన ఒక్కటే.

ఇరాక్ కథకు వస్తే, మెరైన్లు 2005 ఫిబ్రవరిలోనే ఇలాంటి 1,169 బండ్లు అత్యవసరంగా కావాలని అడిగారు. ఆ కాగితం ఆఫీసుల్లో నానింది. 2007 ఏప్రిల్‌లో కొత్త రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ యూఎస్‌ఏ టుడేలో ఒక వార్త చదివారు: అంతకుముందు ఏడాది నుంచి జరిగిన 300కు పైగా దాడుల్లో, ఈ కోణపు అడుగు బండ్లలో ఉన్న మెరైన్లలో ఒక్కరూ చనిపోలేదని. మే నెలలో ఆయన ఆ బండ్ల కొనుగోలును అన్నిటికంటే ముందు పెట్టారు. ఎమ్‌ఆర్‌ఏపీ అని పిలిచే ఆ బండ్లు మొత్తం 27 వేలకు పైగా తయారయ్యాయి. వాటిలో ఒక రకమైన కూగర్‌ను తయారు చేసిన సౌత్ కరోలినా కంపెనీలో, దక్షిణాఫ్రికాలో ఈ విద్యకు ఆద్యుల్లో ఒకరైన వెర్నన్ జాయింట్ పనిచేశారు. పాతికేళ్ల జ్ఞానం సముద్రం దాటడానికి వేల మైళ్ల అడ్డంకి ఏమీ లేదు, ఉన్నది ఫైళ్ల అడ్డంకి. ఆ రెండేళ్లలో చదును బండ్లలో కాళ్లు పోగొట్టుకున్నవాళ్లకు ఎవరు జవాబు చెబుతారు?

మనకు ఈ సంగతి దూరపుది కాదు. 1990ల చివర్లో మన సైన్యం క్యాస్పిర్లు కొన్నది. తర్వాత సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ ఆయుధ కర్మాగారంలో, జబల్‌పూర్‌లో మందుపాతరలను తట్టుకునే బండ్లు తయారయ్యాయి. కవచపు ఉక్కు మీద దశాబ్దాల పరిశోధన జరిగింది హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహశాస్త్ర పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్‌లో. అర్జున్ ట్యాంకు కవచానికి కంచన్ అన్న పేరు ఆ పేట నుంచే వచ్చింది. మన ఊళ్ల కుర్రాళ్లు ఆ ప్లేట్లు కోశారు, అతికారు. ఆ బండ్లు వెళ్లిన అడవులూ మనకు తెలిసినవే. భద్రాచలం ఏజెన్సీకి అవతల సుక్మా జిల్లా కిష్టారం దగ్గర 2018 మార్చి 13న అలాంటి బండి కింద మావోయిస్టుల మందుపాతర పేలి తొమ్మిది మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. బండి చెడ్డదని కాదు. ఒక కొలత పేలుడుకు కట్టిన అడుగు కింద దానికి మూడు నాలుగింతలు పాతితే ఏ వంపూ నిలవదు. రోడ్డు వేసేటప్పుడే తారు కిందికి మందు చేర్చి, నెలల తర్వాత వైరు కలిపి పేల్చిన ఘటనలు అక్కడ ఉన్నాయి. అందుకే బలగాలు చాలాచోట్ల బండ్లు దిగి నడవడం నేర్చుకున్నాయి. రోడ్ ఓపెనింగ్ పార్టీ జవాన్లు తెల్లవారకముందే లేచి, ఒకరికొకరు దూరం పాటిస్తూ, మెటల్ డిటెక్టరుతో, కుక్కతో, ఇనుప చువ్వతో రోడ్డు అంచులు గాలిస్తారు. ఇంత తెలిసీ 2025 జనవరి 6న సుక్మా పొరుగునే ఉన్న బీజాపూర్ జిల్లాలో కవచం లేని బండిలో తిరిగి వస్తూ ఎనిమిది మంది పోలీసు జవాన్లు, డ్రైవరు పేలుడుకు బలయ్యారు.

బతికి బయటపడినవాళ్ల గురించి ఇంకా రాయాలి. నడిచి బయటికి వచ్చాడు, దెబ్బలేవీ లేవు అని రాసిన జవానుకు వారం తర్వాత తలనొప్పి మొదలవుతుంది. నిద్ర పట్టదు, పేర్లు మరిచిపోతాడు, చెవిలో హోరు. 2016లో మెదడు వ్యాధుల పరిశోధకుడు డేనియల్ పెర్ల్ బృందం పేలుళ్లకు గురై, తర్వాత చనిపోయిన సైనికుల మెదళ్లను సూక్ష్మదర్శిని కింద చూసి, మెదడు కణజాలం ద్రవాలను తాకే సరిహద్దుల వెంట ప్రత్యేకమైన మచ్చలు కనిపెట్టింది. మామూలు స్కానింగ్‌లో కనపడనివి అవి. ఉక్కు ఆపలేని అల ఒకటి మనిషిలోంచి దాటిపోతుంది. ఇలాంటి జవాను చిరాకుపడితే 'నీకేమైంది, బాగానే ఉన్నావు కదరా' అనే ముందు ఇంట్లోవాళ్లు, పై అధికారులు ఆగాలి. పేలుడు జరిగిన బండిలో కూర్చున్న ప్రతి ఒక్కరి పేరూ, గాయం ఉన్నా లేకున్నా, వైద్య రికార్డులోకి ఎక్కాలి.

అమెరికన్లు 2006లో ఒక మంచి పని మొదలుపెట్టారు. పేలిన బండి కొలతలు, ఘటన వివరాలు, సైనికుడి గాయాల రికార్డు కలిపి చదివే కార్యక్రమం అది. అడుగు ఎంత లోతు సొట్టపోయింది, ఆ సీటులో ఉన్నవాడి మడమలో ఏ ఎముక విరిగింది అని పక్కపక్కన పెట్టి చూస్తారు. మన అడవి రోడ్ల మీద పేలిన ప్రతి బండినీ అలా చదవాలి. ఆ బల్ల దగ్గర డాక్టరు, ఇంజనీరుతోపాటు ఆ ప్లేటు వంచిన ఫిట్టరు, అతుకు వేసిన వెల్డరు కూడా కూర్చోవాలి. తన అతుకు ఏ అంగుళం దగ్గర విచ్చుకుందో కళ్లారా చూసినవాడే తర్వాతి బండి మీద రాడ్డు ఎక్కడ ఆపి ఎక్కడ మొదలుపెట్టాలో మార్చుకోగలడు. మా షాపులో లీకైన బాయిలర్‌ను, దాన్ని అతికిన వెల్డరుకు చూపించకుండా స్క్రాపుకు పంపేవాళ్లం కాదు.